రాకార్న్: ఇరవై ఏడు కుటుంబాలు నిలబెట్టిన భాష

మన నేల గురించి, మన భాష గురించి, మన పండుగల గురించి ఈ సంచికలో పెద్దలు చాలా విషయాలు రాస్తారు. నేను ఈసారి మనకు చాలా దూరంగా ఉన్న ఒక చిన్న ఊరి చరిత్ర చెబుతాను. చదివాక ఆ ఊరు మీకు అంత దూరంగా అనిపించదని నా నమ్మకం.

ఐర్లండ్ అనేది యూరప్‌కు పడమటి అంచున, ఇంగ్లండ్ పక్కన ఉన్న దీవి. దాని రాజధాని డబ్లిన్. అక్కడి నుంచి వాయవ్య దిక్కుగా దాదాపు 60 కిలోమీటర్లు వెళితే మీథ్ అనే కౌంటీలో, అంటే మన జిల్లా లాంటి ప్రాంతంలో, ఆత్‌బాయ్ అనే చిన్న పట్టణం వస్తుంది. దాని దగ్గరే రాకార్న్ ఉంది. చూడటానికి మామూలు పల్లె. పచ్చిక పొలాలు, ఆవులు, దూరదూరంగా ఇళ్లు, బడి, చర్చి. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఇంగ్లీషు మాట్లాడతారు. ఈ ఊరివాళ్లు మాత్రం ఐరిష్ మాట్లాడతారు.

ఐరిష్ అంటే ఇంగ్లీషులో ఒక యాస అనుకోకండి. అది పూర్తిగా వేరే భాష. ఇంగ్లీషు రాకముందు ఎన్నో వందల ఏళ్ల నుంచి ఆ దీవిలో మాట్లాడిన భాష. ఆ భాషలో దాని పేరు గేల్గె. ఐరిష్‌నే ఇంటి భాషగా మాట్లాడే ప్రాంతాన్ని గేల్తాఖ్త్ అంటారు. ఈ మాటను గుర్తుపెట్టుకోండి, వ్యాసంలో మళ్లీ మళ్లీ వస్తుంది.

మీథ్‌లో ఆ భాష మాట్లాడటం ఎప్పుడో ఆగిపోయింది. 1935లో 27 కుటుంబాలు దాన్ని అక్కడికి మళ్లీ మోసుకొచ్చాయి. ఐర్లండ్ ప్రజలు మనలాంటి ఆదివాసులు కారు, వాళ్ల చరిత్ర వేరు. అయినా భూమి పోవడం, బడిలో భాష పోవడం, పొట్ట చేత పట్టుకుని వలస పోవడం, ఈ మూడూ మన ఇళ్లలో తెలిసినవే. అందుకే ఈ కథ మనకు పనికొస్తుంది.

రాళ్ల నేలకు చేరిన భాష

ఆ 27 కుటుంబాలు ఐర్లండ్ పడమటి తీరంలోని కొన్నెమారా అనే ప్రాంతం నుంచి వచ్చాయి. అక్కడి నేల గురించి ముందు తెలుసుకోవాలి. ఎటు చూసినా గ్రానైట్ బండలు, బురద నేలలు, సముద్రపు గాలి. రాళ్లు ఏరి గోడలుగా పేర్చి, మధ్యలో మిగిలిన గుప్పెడు మట్టికి సముద్రపు నాచును ఎరువుగా వేసి ఆలుగడ్డలు పండించేవారు. బురద నేలను తవ్వి, ఆ మట్టిగడ్డలను ఎండబెట్టి పొయ్యిలో కాల్చేవారు. చేపలు పట్టేవారు. అమెరికాకో ఇంగ్లండుకో వెళ్లిన పిల్లలు పంపే డబ్బు కోసం ఎదురుచూసేవారు.

మంచి భూములన్నీ తూర్పున ఉంటే ఈ భాష రాళ్ల మధ్యే ఎందుకు మిగిలింది? ఇది దానంతట అది జరిగింది కాదు. 1650లలో ఇంగ్లండ్ సేనాని క్రాంవెల్ ఐర్లండ్‌ను గెలిచాక, కాథలిక్ భూస్వాముల నుంచి తూర్పు, దక్షిణ, ఉత్తర ప్రాంతాల భూములను లాక్కున్నారు. వాళ్లకు పడమట, కొన్నెమారా ఉన్న కొన్నాక్ట్ ప్రాంతంలో తక్కువ భూములు చూపించారు. మీథ్‌లాంటి సారవంతమైన చోట్ల భూమి ఇంగ్లీషు యజమానుల చేతుల్లోకి వెళ్లింది. అధికారం, కోర్టు, సంత, ఉద్యోగం అన్నీ ఇంగ్లీషులో నడిచాయి. తరాలు గడిచేకొద్దీ తూర్పు ప్రాంతాల్లో భాష మారిపోయింది.

1845లో ఆలుగడ్డ పంటకు తెగులు వచ్చింది. పేదల తిండి మొత్తం ఆ ఒక్క పంట మీదే ఆధారపడి ఉంది. తర్వాతి కొన్నేళ్లలో సుమారు 10 లక్షల మంది ఆకలితో, జ్వరాలతో చనిపోయారు. ఇంకో 10 లక్షల మంది ఓడలెక్కి దేశం విడిచిపోయారు. అదే సమయంలో దేశం నుంచి ధాన్యం, పశువులు ఎగుమతి అవుతూనే ఉన్నాయి. ఎక్కువగా చనిపోయింది, వెళ్లిపోయింది పడమటి పేదలు, అంటే ఐరిష్ మాట్లాడేవాళ్లు. 1851 జనాభా లెక్కల్లో ఐరిష్ వచ్చినవారు సుమారు 15 లక్షల మంది ఉన్నారు. 1891 నాటికి వాళ్లు 7 లక్షల లోపే మిగిలారు.

బడి కూడా తన పని తాను చేసింది. 1831లో మొదలైన ప్రభుత్వ బడులు ఇంగ్లీషులో నడిచాయి. చాలా చోట్ల పిల్లవాడి మెడలో ఒక కర్ర వేలాడదీసేవారు. ఐరిష్ మాట్లాడిన ప్రతిసారీ ఆ కర్ర మీద ఒక గాటు పెట్టేవారు. సాయంత్రానికి గాట్లు లెక్కపెట్టి అన్ని దెబ్బలు కొట్టేవారు. ఇందులో మనసుకు కష్టం కలిగించే విషయం ఒకటుంది. చాలామంది తల్లిదండ్రులు దీనికి ఒప్పుకున్నారు. పిల్లలు ఎలాగూ అమెరికా ఓడ ఎక్కాలి, అక్కడ ఇంగ్లీషు రాకపోతే కూలి కూడా దొరకదు అని భయపడ్డారు. భాష మీద ప్రేమ లేక వదులుకున్నారని వాళ్లను నిందించలేం. చేతిలో భూమి లేనివాడికి మిగిలింది వలస. వలసకు కావలసింది ఇంగ్లీషు.

మాకు భూమి కావాలి

1922లో ఐర్లండ్‌లో ఎక్కువ భాగం బ్రిటిష్ పాలన నుంచి బయటపడి సొంత ప్రభుత్వం ఏర్పరచుకుంది. కొత్త ప్రభుత్వం ఐరిష్‌ను జాతీయ భాషగా ప్రకటించింది. బడుల్లో నేర్పించడం మొదలుపెట్టింది. ఐరిష్ మాట్లాడే ప్రాంతాల స్థితి తెలుసుకోవడానికి ఒక కమిషన్ వేసింది. 1926లో వచ్చిన ఆ నివేదిక, భాష ఎక్కడ బతికి ఉందో అక్కడే పేదరికం ఎక్కువగా ఉందని చూపించింది. ఆ ప్రజల్లో కొందరికి మంచి భూములున్న చోట స్థలం ఇవ్వాలని కూడా సూచించింది.

సూచన కాగితం మీదే ఉండిపోయేది. దాన్ని కదిలించింది కొన్నెమారా ప్రజలే. అక్కడ ముయింతిర్ న గేల్తాఖ్తా అనే సంఘం పుట్టింది. ఆ పేరుకు అర్థం గేల్తాఖ్త్ ప్రజలు. దాని ముందు వరసలో ఉన్నవాడు మార్తీన్ ఓ కైన్ అనే బడి పంతులు. 1906లో ఆ ప్రాంతంలోనే పుట్టాడు. చుట్టూ ఉన్న పేదరికాన్ని చూస్తూ పెరిగాడు. భాషను కాపాడతామని డబ్లిన్‌లో ఉపన్యాసాలు ఇస్తే సరిపోదని, ఆ భాష మాట్లాడేవాడికి తిండి పెట్టే భూమి కావాలని వాళ్ల వాదన. సంఘంలో కొందరు సైకిళ్ల మీద దేశాన్ని అడ్డంగా దాటి డబ్లిన్ వెళ్లి, ప్రభుత్వాధినేత డి వలేరా ముందు తమ డిమాండ్ పెట్టారు.

భూమి ఎక్కడి నుంచి వస్తుంది? మీథ్‌లో అప్పటికీ వందల ఎకరాల కమతాలు ఉండేవి. వాటిలో మనుషుల కన్నా పశువులే ఎక్కువ. పాత భూస్వాముల నుంచి భూమి తీసుకుని పంచడానికి ల్యాండ్ కమిషన్ అనే సంస్థ ఉంది. అది 1881లో బ్రిటిష్ కాలంలోనే మొదలైంది. 1923లో వచ్చిన చట్టంతో, యజమాని ఒప్పుకోకపోయినా భూమి తీసుకునే అధికారం దానికి బలపడింది. ఆ సంస్థ ఆత్‌బాయ్ దగ్గర సేకరించిన భూమిని కొన్నెమారా కుటుంబాలకు ఇవ్వాలని నిర్ణయించారు. ఒకప్పుడు మంచి భూముల నుంచి రాళ్లలోకి నెట్టబడినవారి భాష, దాదాపు మూడు వందల ఏళ్లకు తిరిగి మంచి భూమి వైపు బయలుదేరింది.

1935 ఏప్రిల్ 12

ఆ రోజున మొదటి కుటుంబాలు రాకార్న్‌కు చేరాయి. మొత్తం 27 కుటుంబాలు ఈ ఊరికి పునాది. 1937లో మరికొన్ని కుటుంబాలు వచ్చి కలిశాయి.

ప్రతి కుటుంబానికి కొత్త ఇల్లు, సుమారు 22 ఎకరాల భూమి, ఒక ఆడపంది, పందిపిల్లలు, కొన్ని వ్యవసాయ పనిముట్లు ఇచ్చారు. బదులుగా కొన్నెమారాలోని తమ ఇంటినీ భూమినీ వాళ్లు వదులుకున్నారు. అంటే ఇది దానం కాదు, మార్పిడి. వెనక్కి వెళ్లడానికి దారి ఉంచుకోకుండా వచ్చారు.

ఒక్కసారి ఆ మనుషుల స్థానంలో నిలబడి ఆలోచించండి. వాళ్లు పుట్టినప్పటి నుంచి సముద్రం పక్కన ఉన్నవాళ్లు. పడవ నడపడం తెలుసు, నాచు కోయడం తెలుసు. మీథ్‌లో సముద్రం కనపడదు. పొయ్యిలో కాల్చే మట్టిగడ్డలు ఇంటి వెనకే దొరికేవి, ఇక్కడ అలా దొరకవు. అక్కడ రాళ్ల మధ్య చారెడు మట్టిని పార తిరగేసి పంట తీసినవాళ్లు, ఇక్కడ లోతైన మట్టిలో నాగలి పట్టాలి. ముసలివాళ్లలో చాలామందికి ఇంగ్లీషు సరిగా రాదు. ఆత్‌బాయ్ అంగట్లో ఉప్పు కొనాలన్నా మాట తడుముకోవాల్సిందే.

అయినా ఒక్కటి వాళ్ల చేతిలో ఉంది. వచ్చినవాళ్లు ఒకే ప్రాంతంవాళ్లు. ఒకే యాస, ఒకే పాటలు, ఒకే బంధుత్వాలు. ఇల్లు మారింది కానీ పక్కింటివాళ్లు మారలేదు.

పొరుగువారి కోపం

ఈ కథలో ఒక పక్షమే న్యాయమైనదని చెప్పలేం. మీథ్‌లో కూడా భూమి లేని పేదలున్నారు. పెద్ద కమతాల్లో తరతరాలుగా కూలి చేసినవాళ్లు, ఏదో ఒక రోజు ఆ భూమి ముక్కలై తమకు దక్కుతుందని ఎదురుచూశారు. ల్యాండ్ కమిషన్ వచ్చింది, భూమి ముక్కలైంది, కానీ చాలా భాగం పడమటి నుంచి వచ్చిన వేరే మాట మాట్లాడే మనుషులకు వెళ్లింది. వాళ్లకు కోపం వచ్చింది. వలసవాళ్లు మాకు వద్దు అంటూ గోడల మీద రాతలు వెలిశాయి. కొత్తగా వచ్చినవాళ్ల భాషను, బట్టలను, పేదరికాన్ని ఎగతాళి చేశారు.

ఇద్దరు పేదల మధ్య ప్రభుత్వం ఒకరికి ఇచ్చి ఒకరికి ఇవ్వకపోతే, వాళ్లిద్దరూ ఒకరినొకరు శత్రువులుగా చూసుకుంటారు. ఆ భూమిని అసలు వందల ఎకరాలుగా ఒక్కరి చేతిలో ఎవరు పెట్టారు అన్న ప్రశ్న పక్కకు పోతుంది. ఇది మన ఏజెన్సీ ప్రాంతాల్లో భూమి తగాదాలు చూసినవాళ్లకు కొత్త విషయం కాదు.

ప్రభుత్వానికి ఇంకొక ఆశ ఉండేది. ఈ 27 కుటుంబాల నుంచి ఐరిష్ చుట్టుపక్కల ఊళ్లకు మళ్లీ పాకుతుందని అనుకున్నారు. అది జరగలేదు. సంతకు, పనికి, ఆసుపత్రికి వెళ్లాలంటే రాకార్న్ వాళ్లే ఇంగ్లీషు నేర్చుకోవాల్సి వచ్చింది. ఎక్కువమంది మాట్లాడే భాష వైపు తక్కువమంది జరగడం తేలిక, అటు నుంచి ఇటు జరగడం చాలా కష్టం. వాళ్లు రెండు భాషల మనుషులయ్యారు. కానీ ఇంట్లో భాషను మార్చలేదు.

కలిసి ఉన్న ఊరు, కలగలిసిన ఊరు

రాకార్న్ గొప్పతనం అర్థం కావాలంటే దాని పక్కన ఇంకో ఊరిని పెట్టి చూడాలి. 1937లో అదే మీథ్‌లో గిబ్స్‌టౌన్ అనే చోట మరో ఐరిష్ ఊరిని మొదలుపెట్టారు. దాని ఐరిష్ పేరు బల్యా గిబ్. అక్కడికి ఒకే ప్రాంతం నుంచి కాకుండా, ఉత్తరాన ఒక కౌంటీ నుంచి, దక్షిణాన ఇంకో కౌంటీ నుంచి, పడమటి నుంచి, ఇలా వేర్వేరు గేల్తాఖ్త్‌ల నుంచి కుటుంబాలను తెచ్చారు. అందరూ ఐరిష్ మాట్లాడేవాళ్లే. కానీ ఉత్తరపు ఐరిష్‌కూ దక్షిణపు ఐరిష్‌కూ ఉచ్చారణలో, మాటల్లో చాలా తేడా ఉంది. ఒకరి మాట ఒకరికి వెంటనే అర్థం కాకపోతే ఏం చేస్తారు? అందరికీ కొంచెం కొంచెం వచ్చిన ఇంగ్లీషులోకి మారతారు. బల్యా గిబ్‌లో కూడా భాషను కాపాడటానికి ఎంతో కృషి జరిగింది, ఈనాటికీ జరుగుతోంది. అయినా రాకార్న్‌లో నిలిచినంత గట్టిగా ఐరిష్ అక్కడ నిలవలేదు.

హాస్టల్లో నేను ఇదే చూస్తుంటాను. ఒకే గూడెం నుంచి వచ్చిన ఇద్దరు అమ్మాయిలు పక్కపక్క మంచాల మీద పడుకుంటే, లైట్లు ఆపేదాకా సొంత భాషలోనే కబుర్లు చెప్పుకుంటారు. వేర్వేరు మండలాల నుంచి వచ్చినవాళ్లయితే, ఇద్దరిదీ కోయ భాషే అయినా, మీ మాట వేరే ఉంది అని నవ్వుకుని తెలుగులోకి వచ్చేస్తారు. ఎవరూ వాళ్లను కొట్టలేదు, ఎవరూ వద్దనలేదు. అయినా భాష ఆ గది బయటే ఉండిపోతుంది.

రాకార్న్ బడికి ఓ గ్రౌనీ అనే ఆయన పేరు పెట్టారు. ఆయన సంగతి కూడా తెలుసుకోవాలి. ఫాదర్ యూజీన్ ఓ గ్రౌనీ 1863లో ఇదే ఆత్‌బాయ్ దగ్గర పుట్టాడు. అప్పటికి ఆ ప్రాంతంలో ఐరిష్ దాదాపు పోయింది. ఆయన ఇంట్లో ఆ భాష మాట్లాడేవారు కాదు. పెద్దయ్యాక దాన్ని పట్టుదలతో నేర్చుకుని, సామాన్యులు తమంతట తాము నేర్చుకునేలా తేలికపాటి పాఠాలు రాశాడు. ఆ పాఠపుస్తకాలు వేలాదిమంది చేతుల్లోకి వెళ్లాయి. 1893లో ఐరిష్ భాషోద్యమ సంస్థ గేలిక్ లీగ్ మొదలైనప్పుడు దాని ముఖ్యుల్లో ఆయన ఒకడు. 1899లో, ఇంకా నలభై ఏళ్లు నిండకుండానే చనిపోయాడు. తన సొంత ఊరి చుట్టుపక్కల పిల్లలు ఐరిష్‌లో ఆడుకోవడాన్ని ఆయన చూడలేదు. ఆయన పోయిన 36 ఏళ్లకు ఆ పిల్లలు వచ్చారు.

22 ఎకరాలు చాలలేదు

భూమి దొరికింది కదా, ఇక అందరూ సుఖంగా ఉన్నారు అని కథ ముగిస్తే అబద్ధమవుతుంది. ఒక తరానికి 22 ఎకరాలు సరిపోయాయి. పిల్లలు పెద్దయ్యాక ఆ భూమిని ఎంతమందికి పంచగలరు? చుట్టుపక్కల వేరే ఉపాధి లేదు. 1940ల నుంచి 1960ల దాకా ఐర్లండ్ మొత్తం నుంచి యువత ఇంగ్లండుకు కట్టడం పనులకు, ఫ్యాక్టరీలకు వెళ్లింది. రాకార్న్ పిల్లలు కూడా వెళ్లారు.

వాళ్లలో ఒకడు డారాఖ్ ఓ కహాన్. 1922లో కొన్నెమారాలో పుట్టాడు. 1935లో కుటుంబంతో పాటు రాకార్న్‌కు వచ్చాడు. వాద్యాలు లేకుండా గొంతుతో మాత్రమే పాడే పాత పాటల పద్ధతి ఒకటి అక్కడ ఉంది. దాన్ని షాన్ నోస్ అంటారు. అంటే పాత తీరు. అందులో ఆయన్ను మించిన గాయకుడు లేడని ఐర్లండ్‌లో పేరున్న సంగీతకారులు మెచ్చుకున్నారు. అలాంటి మనిషి బతుకుతెరువు కోసం ఇంగ్లండులోని లీడ్స్ నగరానికి వలస వెళ్లాడు. 1987లో చనిపోయాడు. ఇంగ్లీషులో ఆయన పేరు డడ్లీ కేన్. ఒకే మనిషికి ఇంటి దగ్గర ఒక పేరు, పని దగ్గర ఇంకో పేరు. బడి రిజిస్టరులో పేరు మారిపోయిన మన తాతలు, అమ్మమ్మలు ఎంతమంది ఉన్నారో మీ ఇళ్లలో అడగండి.

మార్తీన్ ఓ కైన్ బతుకు కూడా తేలికగా సాగలేదు. ఆయన ఐరిష్ రిపబ్లికన్ ఆర్మీ అనే నిషేధిత సంస్థలో పనిచేశాడు. ఆ కారణంగా 1936లో ఉపాధ్యాయ ఉద్యోగం పోయింది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ప్రభుత్వం ఆయన్ను నిర్బంధ శిబిరంలో పెట్టింది. అక్కడ కూడా తోటి ఖైదీలకు ఐరిష్ నేర్పాడు. 1949లో ఆయన నవల క్రే న కిల్లె పుస్తకంగా వచ్చింది. అందులో పాత్రలన్నీ శ్మశానంలో పూడ్చిన మనుషులే. మట్టి కింద కూడా ఊరి తగాదాలు, ఊరి మాటలు ఆగవు. ఐరిష్‌లో వచ్చిన నవలల్లో దాన్ని అత్యుత్తమమైనదిగా చాలామంది భావిస్తారు. చివరి రోజుల్లో, 1969లో, డబ్లిన్‌లోని ట్రినిటీ కాలేజీలో ఐరిష్ ప్రొఫెసర్ అయ్యాడు. ఆ మరుసటి సంవత్సరమే కన్నుమూశాడు.

ముప్పై రెండేళ్ల ఎదురుచూపు

1937లో ఐర్లండ్ రాజ్యాంగం ఐరిష్‌ను మొదటి అధికార భాషగా గుర్తించింది. 1956లో ప్రభుత్వం గేల్తాఖ్త్ ప్రాంతాల హద్దులను అధికారికంగా ప్రకటించింది. ఏ ఊరు ఆ జాబితాలో ఉంటే ఆ ఊరికి ఇళ్లకు, బడికి, ఉపాధికి ప్రత్యేక సహాయం వస్తుంది. ఆ జాబితాలో రాకార్న్ లేదు. ప్రభుత్వమే భాష కోసం తెచ్చి కూర్చోబెట్టిన ఊరు అది. ఇరవై ఏళ్లుగా ఇంట్లో ఐరిష్ మాట్లాడుతున్న ఊరు. కాగితం మీద మాత్రం ఐరిష్ ఊరు కాదు.

ఊరివాళ్లు ఊరుకోలేదు. అర్జీలు పెట్టారు, ఆందోళన చేశారు. ఇందులో ఎక్కువగా కదిలింది రెండో తరం, అంటే మీథ్‌లో పెరిగిన పిల్లలు. 1967లో రాకార్న్, బల్యా గిబ్ రెండింటినీ గేల్తాఖ్త్‌లో చేర్చారు. ఊరు పుట్టిన 32 ఏళ్లకు అది అధికారిక గుర్తింపు పొందింది.

ఆ ఊపు అక్కడితో ఆగలేదు. 1969లో పడమటి గేల్తాఖ్త్‌లో యువత పౌరహక్కుల ఉద్యమం మొదలుపెట్టింది. మా భాషలో మాకు రేడియో లేదు అని, 1970లో కొన్నెమారాలో అనుమతి లేకుండానే సొంతంగా ఒక రేడియో నడిపి చూపించారు. 1972 ఏప్రిల్ 2న ప్రభుత్వమే గేల్తాఖ్త్ రేడియోను ప్రారంభించింది. 1996లో ఐరిష్ టీవీ ఛానల్ వచ్చింది. 2003లో అధికార భాషల చట్టం వచ్చింది. 2005 నుంచి గేల్తాఖ్త్ ప్రాంతాల్లో ఊళ్లకు ఐరిష్ పేర్లే చట్టం ప్రకారం చెల్లే పేర్లయ్యాయి.

రాకార్న్‌లో ఊరివాళ్లు సహకార సంఘం పెట్టుకున్నారు. ఐరిష్ మాధ్యమంలో ప్రాథమిక బడితో పాటు ఉన్నత పాఠశాల కూడా ఊళ్లో ఉంది. అంటే పిల్లవాడు చిన్న తరగతి నుంచి పెద్ద చదువు దాకా సొంత భాషలో చదవగలడు. వేసవిలో ఇంగ్లీషు మాట్లాడే కుటుంబాల పిల్లలు భాష నేర్చుకోవడానికి వస్తారు. గేల్తాఖ్త్ ఊళ్లలో ఇది పాత అలవాటు. ఆ పిల్లలు ఊరివాళ్ల ఇళ్లలో ఉండి, అక్కడే తింటూ, ఐరిష్‌లోనే మాట్లాడాలి. వాళ్లను చూసుకునే ఇల్లాలిని బాన్ ఆన్ టీ అంటారు. ఇంటి అమ్మ అని అర్థం. ఆ ఇంటికి కొంత ఆదాయం వస్తుంది. ఒకప్పుడు ఎగతాళి చేసిన భాషే ఆ ఇంటి పొయ్యి వెలిగిస్తోంది.

బడి ఒక్కటే మోయలేదు

ఇప్పటి లెక్కలు కూడా చెప్పాలి. 2022 జనాభా లెక్కల్లో ఐర్లండ్ గణతంత్ర రాజ్యంలో ఐరిష్ వచ్చు అని రాయించుకున్నవారు సుమారు 18.7 లక్షలు. ఎందుకంటే బడిలో అందరూ నేర్చుకుంటారు. కానీ బడి బయట ప్రతిరోజూ మాట్లాడేవారు సుమారు 72 వేలు మాత్రమే. ఐరిష్ ఈనాటికీ యునెస్కో చెప్పే అంతరించే ప్రమాదమున్న భాషల జాబితాలో ఉంది. సొంత దేశం, సొంత రాజ్యాంగం, సొంత టీవీ, యూరోపియన్ యూనియన్‌లో అధికార భాష హోదా, ఇవన్నీ ఉన్న భాష పరిస్థితే ఇది.

ఈ రెండు అంకెల మధ్య దూరమే రాకార్న్ విలువను చెబుతుంది. బడిలో భాష నేర్పితే మార్కులు వస్తాయి. అమ్మ, పక్కింటి పిన్ని, బావి దగ్గర స్నేహితురాలు మాట్లాడితేనే భాష వస్తుంది. ఆ అమ్మ, ఆ పిన్ని, ఆ స్నేహితురాలు ఒకే చోట ఉండాలంటే వాళ్లందరికీ అక్కడ బతకడానికి భూమి, పని ఉండాలి.

మనకు సంబంధించినంత వరకు

మన సంగతికి వస్తే మూడు విషయాలు చెబుతాను.

మొదటిది, తరలింపు. ప్రాజెక్టుల కింద మన గూడేలు మునుగుతున్నాయి. గోదావరి ఒడ్డున పోలవరం ముంపులో కోయ, కొండరెడ్డి కుటుంబాలు పునరావాస కాలనీలకు వెళ్లాయి, ఇంకా వెళ్తున్నాయి. రాకార్న్ వాళ్లు తాము అడిగి కదిలారు. మనవాళ్లు తప్పక కదులుతున్నారు. ఈ తేడా చాలా పెద్దది, దాన్ని మరచిపోకూడదు. అయితే 2013 భూసేకరణ చట్టంలో ఒక మాట ఉంది. షెడ్యూల్డ్ తెగల కుటుంబాలను వీలైనంత వరకు అదే షెడ్యూల్డ్ ప్రాంతంలో, తమ జాతి, భాష, సంస్కృతి నిలుపుకునేలా అందరినీ ఒకే చోట స్థిరపరచాలి అని. ఈ మాట ఎందుకు ముఖ్యమో రాకార్న్‌ను, బల్యా గిబ్‌ను పక్కపక్కన పెడితే తెలుస్తుంది. ఒక గూడేన్ని మూడు కాలనీలకు పంచితే ఇళ్ల లెక్క సరిపోవచ్చు. భాష మాత్రం మూడు ముక్కలవుతుంది. గ్రామసభలో కూర్చునే యువతకు ఈ నిబంధన తెలిసి ఉండాలి.

రెండోది, గుర్తింపు. ఐదో షెడ్యూల్ హద్దులకు బయట ఉండిపోయిన గిరిజన గ్రామాలు మన దగ్గర చాలా ఉన్నాయి. హద్దు ఇవతల ఉన్న ఊరికీ అవతల ఉన్న ఊరికీ మనుషులు ఒకటే, హక్కులు వేరు. రాకార్న్‌కు 32 ఏళ్లు పట్టింది. అడిగింది రెండో తరం. అంటే మీ వయసువాళ్లు.

మూడోది, మన నోటి మాట. దీనికి జీవో అక్కరలేదు. సవర, కువి, కొండ, కోయ, గోండి, కొలామి, ఏ భాష అయినా సరే, ఊరికి ఫోన్ చేసినప్పుడు అమ్మతో ఏ భాషలో మాట్లాడుతున్నామో గమనించుకోండి. పక్క మండలం పిల్ల మాట వేరుగా ఉంటే నవ్వకుండా ఆ మాట ఏమిటో అడగండి, రాసుకోండి. ఒకే వస్తువుకు మీ ఊళ్లో ఒక పేరు, ఆమె ఊళ్లో ఒక పేరు ఉంటే భాషకు రెండు మాటలు ఉన్నట్టు. సెలవులకు వెళ్లినప్పుడు మీ గూడెంలో ప్రతి చేనుకు, గుట్టకు, వాగుకు, రాయికి పెద్దలు పిలిచే పేర్లు రాసి తీసుకురండి. రెవెన్యూ రికార్డులో ఆ పేర్లు ఉండవు. మీ నోట్ బుక్కులో ఉండాలి.

తెలుగు నేర్చుకోండి, ఇంగ్లీషు నేర్చుకోండి, ఉద్యోగాలు సంపాదించండి. రాకార్న్ పిల్లలు కూడా ఇంగ్లీషు నేర్చుకున్నారు, ఉద్యోగాలు చేశారు. ఇంటికి వచ్చాక మాత్రం తలుపు తీసిన తల్లితో ఐరిష్‌లో మాట్లాడారు. ఈనాటికీ మాట్లాడుతున్నారు.